తెల్ల ముక్కు చేపలు

కొనోమి నవ్వితే మా ఊరంతా నవ్వుతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను చేసిన పని విని ఎవరూ బుగ్గలు నొక్కుకోకుండా.

మా ఇవానో ఊరికి ఉన్నదల్లా రెండు కొండలు, మధ్యలో ఒక ఏరు, ఏటి పక్కన ఒక వీధి. శీతాకాలమంతా మంచు కింద ముడుచుకుని పడుకునే ఊరు వేసవి రాగానే లేచి కూర్చుంటుంది. బడి మైదానంలో నాట్యానికి డప్పులు బిగిస్తారు, గుడి మెట్ల కింద అంగళ్ళు వెలుస్తాయి, జూలై చివరి ఆదివారం అయు చేపలు పట్టే పోటీ జరుగుతుంది. మిగతావన్నీ సందడి కోసం. పోటీ మాత్రం పరువు కోసం.

అయుకి వానపామును గుచ్చి గాలం వేస్తే అది తల తిప్పి కూడా చూడదు. దానికి రాళ్ళమీది నాచే తిండి. ఒక్కో చేప ఒక్కో రాయి తనదేనని కాపలా కాస్తుంది. అందుకని బతికున్న ఇంకో అయు ముక్కుకి దారం కట్టి ఆ రాయి దగ్గరికి పంపుతాం. రాయిగల చేప కడుపు మండి దాన్ని పొడవడానికి దూసుకొచ్చి, ఎర చేప తోక వెనక వేలాడే కొక్కేనికి తగులుకుంటుంది. ఆ ఎర చేపలు అమ్మేది నేను. నాన్న పోయినప్పటినుంచి తొట్టి నాదే. పోటీ రోజున అందరికీ రెండేసి చేపలు ఏరి ఇచ్చేదీ నేనే కాబట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఒక్క పోటీలోనూ నేను ఏట్లో దిగలేదు. మిగతా వేసవంతా నాకు చేపల వేట నేర్పే జింపాచి మాస్టారి వెనకాలే ఏట్లో ఉంటాను.

మాస్టారికి ఎనభై రెండు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నా వేటని ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. వంతెన కింద, అయు ఎక్కువగా చేరే ఎద్దురాయి దగ్గర ఎక్కడ నిలబడాలో, నేను ఆయన వెనక తిరగడం మొదలెట్టిన తొమ్మిదో ఏట గానీ చూపించలేదు. కొనోమి మూడేళ్ళ క్రితం మా ఊరి బస్సు నడపడానికి నగోయా నుంచి వచ్చింది. దానికి రెండో వేసవికే ఎద్దురాయి చూపించారు. "శభాష్" కూడా అన్నారు, నా చెవులతో విన్నాను. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని తన డబ్బాలోని అన్నం మీది ఉప్పు రేగుపండు తీసి దానికి పెట్టేవారు. నాకు ఇన్నేళ్ళలో గింజ కూడా దక్కలేదు.

పోటీకి వారం ముందు ఐసు తురుము అమ్మే సెత్సు మా తొట్టి దగ్గరికొచ్చి కూర్చుంది.

"విన్నావా ఫుసాయే, ముసలాయన ఈ పోటీతో ఏట్లో దిగడం మానేస్తాట్ట. ఆయన వెదురు గాలం కర్ర బస్సు పిల్లకే ఇస్తాట్ట."

"ఎవరు చెప్పారే నీకు?"

"ఒకరు చెప్పాలా? మాకు కళ్ళు లేవూ? అయినా నీకెందుకే ఆ పాత కర్ర, నీ దగ్గర కొత్తవి నాలుగున్నాయిగా!"

నా దగ్గరున్నవి కొట్టులో కొన్న కర్రలు. అది మాస్టారు స్వయంగా చెక్కుకున్నది. నలభై ఏళ్ళుగా ఆయన అరచేయి పట్టి నునుపెక్కిన పిడి. అది నాకు రావాలి. నాకు తప్ప ఎవరికీ రాకూడదు. ఆ వారం రోజులూ అన్నం సయించలేదు, కొనోమి బస్సు హారన్ వినిపిస్తే చాలు, ఇంట్లో గిన్నెలు దబదబా పడేసేదాన్ని.

పోటీ రోజు ఉదయం అరవై మంది వరసలో నిలబడ్డారు. కొనోమి వంతు వచ్చింది. చేతిలో రెండు డబ్బాలు, తనది నీలం, మాస్టారిది ఎరుపు.

"ఫుసాయె అక్కా, మాస్టారికి మోకాలు నొప్పిగా ఉందట, ఆయనవీ నేనే తీసుకెళ్తా. ఈసారి నాకు మంచివి పడాలి సుమా! నిన్న రాత్రి నిద్ర కూడా పట్టలేదు తెలుసా?"

"నాకూ పట్టలేదులే," అన్నాను. ఆ మాటొక్కటే నిజం.

ఎర్ర డబ్బాలోకి తొట్టిలోకెల్లా మేలైన రెండింటిని పట్టి వేశాను. వాటి ఒంటిమీద పసుపు మచ్చ మెరుస్తోంది, తోక కొడితే నా మొహం మీద నీళ్ళు చిందాయి. నీలం డబ్బాలోకి మూలన తేలుతున్న రెండింటిని తీశాను. తొట్టి గోడకి కొట్టుకుని కొట్టుకుని ముక్కులు తెల్లబడిపోయిన చేపలవి. అలాంటివి ప్రవాహంలో నాలుగు అడుగులు ఈదవు. ఏ రాయిగల చేపా వాటిని చూసి కోపం తెచ్చుకోదు. మూత బిగించి ఇచ్చాను.

"థాంక్స్ అక్కా!" అంటూ పరిగెత్తింది, అదే నవ్వు.

పదకొండింటికి సెత్సు రొప్పుకుంటూ వచ్చింది. "బస్సు పిల్ల దుమ్ము దులిపేస్తోందే! ఇప్పటికే పదిహేడు. మీ ముసలాయనకి పాపం ఒక్కటి కూడా పడలేదు. ఏటి మధ్యలో కొయ్యలా నిలబడ్డాడు."

నాకు అర్థం కాలేదు. తొట్టి వదిలేసి గట్టు మీదికి పోయాను. మాస్టారు ఎద్దురాయి దగ్గర మొలలోతు నీళ్ళలో ఉన్నారు. ఆయన నడుముకి కట్టుకున్నది నీలం డబ్బా.

గట్టు మీదే కూర్చుని చూశాను. ఊరంతా చూస్తుండగా, తన ఆఖరి పోటీలో, ఆయన నా తెల్ల ముక్కు చేపల్ని చేత్తో తడుముతూ, నెమ్మదిగా ప్రవాహంలోకి వదులుతూ, మళ్ళీ లాక్కుంటూ గడిపారు. గంట కొట్టేదాకా ఒక్కటీ పడలేదు.

కప్పు కొనోమికి వచ్చింది. చప్పట్లు ఆగాక మాస్టారు కుంటుకుంటూ వేదిక ఎక్కారు. చేతిలో గుడ్డసంచీలో కర్ర.

"ఫుసాయే, ఇలా రా," అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. వెళ్ళాను. సంచీ మీద నల్లదారంతో నా పేరు కుట్టి ఉంది. ఆ కుట్టు నేను గుర్తుపట్టాను. అది ఆయన భార్య చేతికుట్టు. ఆవిడ పోయి అయిదేళ్ళయింది. కొనోమి అప్పటికి మా ఊరి పేరు కూడా విని ఉండదు.

రెండు చేతులా అందుకుని వంగాను. ఆయన నాకు మాత్రమే వినిపించేలా అన్నారు: "నీలం డబ్బా మూత తీయగానే తెలిసిందే. నీ చేతి నుంచి చెడ్డ చేప రావడం ఇన్నేళ్ళలో నేను చూళ్ళేదు. ఒక్కసారి వచ్చింది. వచ్చిందేదో నాకే రానీ అని దానితో డబ్బా మార్చుకున్నా."

క్షమించమని అడగాలి. నా నోటిదాకా వచ్చింది వేరే ప్రశ్న. ఇదంతా ఎవరి కోసం చేశారు మాస్టారూ, దాని కప్పు కోసమా, నా పరువు కోసమా? అప్పుడు కూడా నాకు కావాల్సింది, ఆయనకి మా ఇద్దరిలో ఎవరెక్కువ అన్నదే. అడగలేదు. ఆయన మెల్లిగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఎండ ఇంకా కొండ మీద ఉంది. మైదానంలో డప్పులు సరిచూస్తున్నారు. కొనోమి ఐసు తురుము గిన్నెలు రెండు పట్టుకుని వచ్చి, ఒకటి నా చేతిలో పెట్టింది.

"కర్ర మీకే వస్తుందని నాకు మొదట్నుంచీ తెలుసక్కా. మాస్టారు నాకు ఏం నేర్పినా, 'ఫుసాయె ఎలా చేస్తుందో చూడు' అనేవారు. గట్టున కూర్చుంటే మీ ఊసే. నిజం చెప్పనా, నాకు చాలా కుళ్ళుగా ఉండేది." మళ్ళీ నవ్వింది. "కానీ ఈవేళ మాత్రం గెలిపించింది మీ చేపలే. ఏం చేపలక్కా అవి!"

అవునే అని ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. మాస్టారు చెప్పరు.

"అవి నీకిచ్చినవి కావే," అన్నాను. "నీకిచ్చినవి నీలం డబ్బాలోవి. ఏరి మరీ ఇచ్చాను."

ఆమె ఏటి వైపు చూసింది, తర్వాత నా చేతిలోని కర్ర వైపు, తర్వాత నా మొహంలోకి. ఆ నవ్వు ఆరిపోతే ఎలా ఉంటుందో చూడాలని మూడేళ్ళుగా అనుకున్నాను. చూశాను.