వంటిల్లు లేని ఫ్లాట్

పొద్దుటి నుంచి మూడోసారి కాఫీ కలిపి హాల్లోకి తెచ్చేసరికి టేపు అమ్మాయి నేల మీద కూర్చుని కిటికీ పక్కనున్న కుర్చీని కొలుస్తోంది. పెద్దవాళ్ల ఇళ్లు అమ్మిపెట్టి, ఏళ్ల తరబడి పేరుకున్న సామాను తేల్చి, వాళ్లను కొత్త చోటికి చేర్చడం ఆ అమ్మాయి వృత్తి. ఎప్పుడు చూసినా చేతిలో కొలత టేపు ఉంటుందని ఇంటావిడ మనసులో ఆ పేరు పెట్టుకుంది. మోకాళ్లు అరిగిపోయి ఆమె భర్త మేడమెట్లు ఎక్కలేకపోతున్నాడు కాబట్టి ఈ ఇల్లు అమ్మాలని తేల్చారు. తేల్చింది ఆయనే అనుకోండి.

"మీరు ఎక్కువగా కూర్చునే చోటు ఏదో చెబితే, కొత్త ఫ్లాట్‌లో ముందు అదే సర్దుతానండీ. అది కుదిరితే మిగతాది దానంతటదే అలవాటైపోతుంది," అంది అమ్మాయి. ఆయన మురిసిపోయాడు. వెలుతురు ఎడమవైపు నుంచి పడాలన్నాడు. కుడిచేతికి అందేలా చిన్న బల్ల, దాని మీద రేడియో, కళ్లజోడు, కాళ్ల కింద పీట. పావుగంట చెప్పాడు. అమ్మాయి అన్నీ రాసుకుని, ఫోటో తీసుకుని, ఇటు తిరిగింది.

"మీరెక్కడ కూర్చుంటారమ్మా?"

నలభై రెండేళ్లుగా ఉంటున్న ఇల్లు. ఆమె మనసులోనే గదిగదీ తిరిగొచ్చింది. సోఫా వచ్చేపోయేవాళ్లది. భోజనాల బల్ల దగ్గర అందరూ లేచాక, గిన్నెలో అడుగున మిగిలింది ఊడ్చుకుని నిలబడే తినేయడం అలవాటు. మంచమా, అది పడుకోవడానికి, అదీ తలుపు వైపు, ముందు లేవాల్సింది తనే గనక. పెద్దది కడుపులో ఉన్నప్పుడు ఒకసారి వంటింట్లో స్టూలు వేసుకుని కూరలు తరిగింది. అత్తగారు చూసి అప్పుడేమీ అనలేదు. మర్నాటికల్లా ఆ స్టూలు పెరట్లో పూలకుండీ కిందికి చేరింది. "కూర్చుని వండితే రుచి రాదే," అంది ఆవిడ, వాలుకుర్చీలో తీరిగ్గా ఊగుతూ. రుచి! ఆ రుచి తగలెయ్య!

"దానికి కూర్చునే యోగం ఎక్కడిదమ్మా," అని ఆయన నవ్వాడు. "కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. వంటిల్లే దాని చోటు, అదే రాసుకో."

అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి, రాసుకుంది. ఎదుట మనిషి ఉంది కదా, నవ్వాలి కాబట్టి ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

కొత్త చోటు పెద్దవాళ్ల కోసమే కట్టినది. మెట్లు లేవు, డాక్టరు వచ్చి చూసి వెళ్తాడు. కింద భోజనాల హాల్లో మూడు పూటలా వండి వడ్డిస్తారు. అందుకే ఫ్లాట్లు రెండు రకాలు: వంటిల్లున్నవి, లేనివి. చూడ్డానికి వెళ్లినప్పుడు లేనిదాంట్లో అడుగుపెట్టి ఆమె నిలబడిపోయింది. పొయ్యి ఉండాల్సిన చోట కిటికీ ఉంది. దాని ముందు ఏమీ లేదు. ఎంత సంతోషంగా ఉందో బయటికి చెబితే ఎవరైనా లాక్కుంటారని భయమేసింది.

చెప్పకపోయినా లాక్కున్నారు. ఫారంలో 'వంటిల్లు ఉన్నది' దగ్గర ఆయన టిక్కు పెట్టేశాడు. "ఆ హాస్టల్ తిండి మనకి పడదోయ్. నీ చేతి వంట తిన్న నోరిది." అది పొగడ్త అనుకున్నాడు పాపం! ఆడపిల్ల కదా, దానికైనా తెలుస్తుందని కూతురికి ఫోన్ చేసింది. "నాన్న సంగతి తెలిసిందే కదమ్మా, కాస్త సర్దుకో. ఇద్దరికే కదా, ఎంతసేపు పని!" అంది కూతురు. ఇద్దరికే! ఒక్కరికి వండినా పొయ్యి వెలిగించాల్సిందే, గిన్నెలు తోమాల్సిందే. రేపేం వండాలా అని ఇవాళ బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిందే. డెబ్బై దాటిన నడుముకి ఇద్దరైతేనేం, ఇరవైమందైతేనేం?

ఇల్లు కొనేవాళ్లు ఖాయమయ్యారు. అమ్మాయి రెండు కాగితాల కట్టలు పట్టుకొచ్చింది, ఇల్లు అమ్మడానికి ఒకటి, ఫ్లాట్‌కి ఒకటి. "ఇక్కడ అమ్మగారి సంతకం కావాలండీ. ఇల్లు ఆవిడ పేరునే ఉంది కదా."

ఎప్పుడో తన ఆఫీసులో ఏదో చిక్కు వస్తే, ఇల్లు భార్య పేర రాయించాడు ఆయన. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాళ్లు లేరు. ఆమే మర్చిపోయింది.

"పెట్టవోయ్, ఆ గీత మీద," అని ఆయన వేలు పెట్టి చూపించాడు.

ఆమె కలం కింద పెట్టేసింది. "ముందు ఆ రెండో కాగితం మార్చమ్మా. వంటిల్లు లేని ఫ్లాట్ అని రాయి. అప్పుడు పెడతాను."

"మతిపోయిందా నీకు? మరి నా తిండి?"

"మూడు పూటలా పెడతారటండీ."

"ఇన్నేళ్లూ లేని కష్టం ఇప్పుడొచ్చిందా? ఒక్కనాడైనా నోరు విప్పి చెప్పావా?"

"ఉప్పు తక్కువైందని మీరు చెప్పేవారు. చల్లారిపోయిందని మీరే చెప్పేవారు. నా వంతు రాలేదు."

ఆయన మొహం కందగడ్డయింది. పరాయి పిల్ల ముందు పరువు పోయిందని గొంతు పెంచాడు. "అయితే నువ్వెళ్లి ఆ లేనిదాంట్లో ఒక్కదానివే పడి ఉండు! నేను మాత్రం వంటిల్లున్న దాంట్లోనే ఉంటా. ఎన్నాళ్లుంటావో చూద్దాం!"

ఇలాంటి బెదిరింపు ఆమెకు కొత్త కాదు. ఉంటే ఉండు, పోతే పో అన్న మాట పెళ్లయిన ఏడాది నుంచీ వింటూనే ఉంది. విన్నప్పుడల్లా భయపడి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. ఇప్పుడూ ఆ భయం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

"రెండు ఫ్లాట్లు రాయమ్మా," అంది కలం అందుకుంటూ. "వంటిల్లున్నది ఆయనకి."