మొదటి చెయ్యి

పాత గింజలు అయిపోయి, కొత్త పంట చేతికి రావడానికి ఇంకా చాలా ఉండగా మా ఊళ్ళో ఏటా ఒక పాడుకాలం వస్తుంది. అప్పుడు ఏ ఇంట్లోనూ పొయ్యిలో పిల్లి లేవదు. కొండ దిగి బజారుకు పోవాలంటే ఒక పూట నడక. పోయినా చేతిలో ఏముందని? కొండ కింద పెద్దమనుషుల గుమ్మాల్లో కొంగు పట్టి నిలబడడం తప్ప మాకు వేరే గతి ఉండేది కాదు.

ఎవరో వచ్చి ఉద్ధరిస్తారని తాతల నాటి నుంచి ఎదురుచూశాం. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుని దిగిపోయారు. విసుగొచ్చి చివరికి మా ఆడవాళ్ళమే ఒక పని మొదలుపెట్టాం. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ, ఎసట్లో పోయబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. వారానికోసారి ఆ పిడికిళ్ళన్నీ ఉమ్మడి గాదెలో పోయాలి. పాడుకాలం వచ్చినప్పుడు లేనివాళ్ళు అందులోంచి తీసుకోవాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మా ఇంటికి ఎదురుగా ఒక పాడుబడ్డ గది ఉండేది. మా ఆయన తాపీమేస్త్రి కదా, దాని గోడలు నిలబెట్టి, లోపల మనిషెత్తు మట్టి గాదె కట్టాడు. పోసేవాళ్ళు బయట గోడలోని కన్నంలోంచే పోయాలి. తీసుకునేవాళ్ళకు లోపల గాదె అడుగున ఇంకో కన్నం. ఆ కన్నానికి గుడ్డ కుక్కి, పైన తడిమట్టి మెత్తి, ఊళ్ళోకల్లా వయసులో పెద్దదని కమ్మరి పెద్దమ్మ చేత అరచెయ్యి అద్దించాం. ఆ మట్టి ఎండి, ఆవిడ అయిదువేళ్ళూ అచ్చుగుద్దినట్టు నిలిచిపోయాయి. మొదట తీసుకునేవాళ్ళు ఆ మట్టి పగలగొట్టుకోవాలి.

అసలు గొడవ తీసుకునే పద్ధతి దగ్గర వచ్చింది. మా అన్న పోయాక బుట్టలల్లుకుని ఒంటరిగా బతుకుతున్న మా వదిన, సాధారణంగా నలుగురిలో నోరు విప్పని మనిషి, ఆ రోజు లేచి నిలబడింది.

"తీసుకునేవాళ్ళని ఎవరూ చూడకూడదు. మా అమ్మ ఒకళ్ళ గుమ్మంలో నిలబడితే ఆ ఇంటి పిల్లలు అరుగు మీద కూర్చుని నవ్వుతూ చూశారు. ఆ గింజలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ చూపు ఇప్పటికీ అరగలేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇదెక్కడి చోద్యం వదినా! ఆకలికి సిగ్గేమిటి? నేనైతే పట్టపగలు బుట్ట నెత్తిన పెట్టుకుని పోతాను. ఎవడు చూస్తే నాకేం?"

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నువ్వు పూర్తి మొగుడివైపోయావే! అందరికీ నీ నోరు ఉండొద్దూ?" అంది. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. వదిన మాటే నెగ్గింది.

పద్ధతి ఏమిటంటే, వారానికో మధ్యాహ్నం కమ్మరి పెద్దమ్మ గంటలా వేలాడదీసిన ఇనుపముక్క మోగిస్తుంది. వెంటనే ఊరంతా తలుపులు, కిటికీలు మూసుకోవాలి. మళ్ళీ మోగేదాకా, గింజలు కావలసినవాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళి రావడం తప్ప, ఎవరూ బయటికి తొంగిచూడకూడదు. ఎవరు వెళ్ళారని గానీ, ఎంత తీసుకున్నారని గానీ ఎప్పుడూ అడగకూడదు. గాదె గదిలోకి ఆ కాస్సేపు తప్ప అడుగు పెట్టకూడదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పాడుకాలం ముందే వచ్చి కూర్చుంది. మా ఆయన పట్నంలో పనికిపోయి పంపినదానితో మాకు ఒక పూట గంజి దొరికేది. నా దిగులంతా వదిన గురించే. బుట్టలు కొనే నాథుడు లేడు. అడిగితే, "ఇప్పుడే తిన్నానమ్మాయ్, నీ గంజి నువ్వు తాగు" అనేది. గంజి తీసుకెళ్తే గిన్నె తిప్పి పంపేది.

కానీ గంట మోగిన రోజున తలుపు వెనక కూర్చుని నేను చెవులు రిక్కించేదాన్ని. చూడొద్దన్నారు గానీ వినొద్దనలేదుగా! వదిన టైరు చెప్పుల చప్పుడు నాకు బాగా తెలుసు. అవి టపటపా వచ్చేవి, గదిలోకి పోయేవి, కాసేపటికి మళ్ళీ టపటపా వెళ్ళిపోయేవి. నా ప్రాణం కుదుటపడేది. హమ్మయ్య, తెచ్చుకుంటోంది, పస్తులుండడం లేదు అనుకునేదాన్ని. చిక్కిపోతోందని కనిపిస్తూనే ఉంది. ఊళ్ళో చిక్కనిదెవరు కనక!

ఒక వారం గంట మోగింది. చెప్పుల చప్పుడు రాలేదు. రెండో గంట మోగగానే పరిగెత్తాను.

వదిన సగం అల్లిన బుట్ట పక్కన గోడకు తిరిగి పడుకుని ఉంది. పొయ్యి తుడిచినట్టుగా ఉంది, బూడిద కూడా లేదు. కుండ బోర్లించి ఉంది. చెయ్యి పట్టుకుంటే ఎండుపుల్ల పట్టుకున్నట్టుంది.

"గింజలేవి వదినా?"

"ఏ గింజలు?"

"వారం వారం తెచ్చుకున్నవి! నీ చెప్పుల చప్పుడు నేను వినలేదనుకున్నావా?"

సన్నగా నవ్వింది. "వినేదానివన్నమాట, దొంగముఖమా." తర్వాత చాలాసేపు ఊపిరి తీసుకుని చెప్పింది. "వెళ్ళానే. వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ చెయ్యి అలాగే ఉంది. ఎవరూ ముట్టలేదు. అంటే అందరికీ ఉన్నట్టేగా? ఊరు మొత్తానికి లేనిదాన్ని నేనొక్కదాన్నే. మొదటి చెయ్యి నాదెందుకవ్వాలి? ఎవరైనా పగలగొట్టాక వాళ్ళ వెనక నేనూ తెచ్చుకుందామనుకున్నా."

ఏడుపు రాలేదు నాకు. కోపం వచ్చింది. ఆవిడ మీద, ఊరి మీద, తలుపు వెనక కూర్చుని మురిసిపోయిన నా చెవుల మీద. బయటికొచ్చి కమ్మరి పెద్దమ్మ వసారాలోని రోకలి లాక్కున్నాను.

"ఒసేవ్, ఎక్కడికే? గంట అయిపోయింది, అందరూ చూస్తున్నారు!" అంటూ పెద్దమ్మ వెంటపడింది.

"చూడనీ! కళ్ళు పెట్టుకుని చూడనీ!" అని అరుస్తూ గదిలోకి పోయాను. ఆ అయిదువేళ్ళూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క పోటు పొడిచాను. మట్టి పెళ్ళ ఊడిపడింది. గుడ్డ లాగేసరికి గింజలు బొళబొళా కాళ్ళ మీద పడ్డాయి. అడుగునున్నవి పురుగు పట్టి ఉన్నాయి.

పెద్దమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. "నేనూ వచ్చానే. రెండుసార్లు వచ్చాను. నా చెయ్యి నేనే చూసుకుని వెనక్కి పోయాను. అందరికీ ఉండి నాకే లేకపోయిందనుకున్నా" అని నోట్లో కొంగు కుక్కుకుంది. ఆవిడ వెనక నిలబడ్డ గొర్రెలకాపరి తల వంచుకుని, "నేనూ అంతే" అన్నాడు. పాడుకాలమంతా ఊళ్ళో బలిసింది గాదె ఒక్కటేనని అక్కడున్న అందరికీ అర్థమైంది.

చెంగులో పట్టినన్ని గింజలు తెచ్చి, పురుగులు ఏరి, నూరి, వదిన పొయ్యి మీదే గంజి కాచాను. తల ఒళ్ళో పెట్టుకుని చెంచా నోటి దగ్గర పెడితే పెదవులు బిగించింది.

"ఎవరైనా చూశారా?"

ఊరంతా చూసింది. నా అరుపులకు పసిపిల్లలు కూడా బయటికొచ్చారు.

"ఎవరూ చూడలేదు వదినా. తాగు."

రెండు చెంచాలు మింగింది. మూడోది చెంప మీద నుంచి జారిపోయింది. వీధిలో అడుగుల చప్పుడు మొదలైంది. ఒకరి వెనక ఒకరు గాదె వైపు పోతున్నారు. బుట్టలు, గిన్నెలు, చేటలు గోడలకు తగులుతున్నాయి.

"ఏమిటే ఆ సందడి?"

"గింజలకి పోతున్నారు."

"అంతమందికా?" అని తల ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. "వీళ్ళందరికీ లేదా? మరి నాతో ఒక్కరూ అనలేదేమే?"

ఎవరూ ఎవరినీ అడగకూడదని నువ్వే కదా పద్ధతి పెట్టావు వదినా అని అనగలనా? తల నిమురుతూ కూర్చున్నాను. పొద్దుగూకేలోపు నా ఒళ్ళోనే పోయింది.

మట్టి చేసి వచ్చాక పెద్దలు నలుగురూ మా వాకిట్లో కూర్చున్నారు. జ్వరమొచ్చి పోయిందని చెప్పమన్నారు. నిండు గాదె పెట్టుకుని మనిషిని చంపుకున్నామని తెలిస్తే కొండ కింద ఊరి పరువు పోతుందన్నారు.

"ఆ పరువు మోసీ మోసీనే కదా ఆవిడ పోయింది! ఇంకా ఎవరిచేత మోయిస్తారు?" అన్నాను.

పోయిన నెల పట్నం నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. గాదె చుట్టూ తిరిగి చూసి, చాలా బాగుందని మెచ్చుకుంది. అయితే మీ ఊళ్ళో ఆకలి అన్నమాటే లేదన్నమాట అని అడిగింది. పెద్దమ్మ నా కొంగు పట్టి లాగుతూనే ఉంది, నేను విదిలించుకున్నాను.

"మా వదిన ఆకలితో పోయిందమ్మా" అన్నాను.