గోడ మీది గ్లాసు

రాధిక తమ ఇంట్లో అడుగుపెట్టిన పూటే స్వప్నకు ఆమె మీద అనుమానం పుట్టింది. అంతా ఒక స్టీలు గ్లాసు వల్ల.

కోరుట్లకు పోయి వస్తున్న ఇంటి పెద్ద సమ్మవ్వ, బస్టాండులో రెండు రోజులుగా ఒంటరిగా కూర్చున్న ఆ పిల్లను వెంటబెట్టుకుని తంగళ్ళపల్లి తీసుకొచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. అమ్మా నాన్నా లేరు. సంచిలో రెండు జతల బట్టలు, ఒక గ్లాసు. స్వప్న చెంబుతో నీళ్లు తెస్తే ఆ గ్లాసే తీసి పట్టింది. తాగి, తనే కడిగింది. గూట్లో మూడు గ్లాసులు వరసగా ఉన్నాయి కదా, వాటి పక్కన పెట్టలేదు. బయట గోడ మీద బోర్లించి వచ్చింది. అన్నం కూడా గడప అవతలే కూర్చుని తిన్నది.

ఓహో, మా గిన్నెలు తగిలితే మైలపడతావన్నమాట, అనుకుంది స్వప్న. ఎవరో పెద్దింటి పిల్ల. పెద్దింటి పిల్లకు ఈ కొంపలో ఏం పని?

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. పదకొండో ఏట చేతికి వాసి అనే మహిమ పుట్టడం లోకంలో అందరికీ ఉన్నదే. నేతోళ్ల పిల్ల వేలు తగిలితే తెగిన పోగు అతుక్కుంటుంది. గీతోళ్ల పిల్లవాడు అరచెయ్యి ఆనిస్తే ఎండిన తాటిచెట్టు కూడా కల్లు కారుస్తుంది. కమ్మరోళ్ల చేతికి ఇనుము మైనంలా మెత్తబడుతుంది. ఏ వాసి ఆ కులంలోనే పుట్టాలి. తప్పి ఇంకో చేతిలో పుట్టిందా, అది దొంగవాసి. పదకొండేళ్ల పిల్ల ఎవరి గోడో దూకి ఎత్తుకొచ్చినట్టే మాట్లాడతారు, సిగ్గు లేకుండా.

దొంగవాసికి మందు ఒక్కటే, కట్టు. జగిత్యాల నుంచి వాసి కమిటీ జీపు వస్తుంది. పసుపు నీళ్లలో నానిన నూలుదారం మణికట్టుకు మూడు చుట్లు చుట్టి ముడి వేస్తారు. దాని తడి ఆరేసరికి వాసి చస్తుంది, వేళ్లూ చస్తాయి. ఆ ముడి కత్తికి తెగదు, నేతవాసి ఉన్న చెయ్యి ఒక్కటే విప్పగలదు. ఏ నేతోడు విప్పుతాడు? విప్పిన వేళ్లకు ఆ పసుపు అంటుకుంటే ఏడాది దాకా వదలదు, ఊరంతా చూస్తుంది.

సమ్మవ్వ కుడిచేతికి నలభై ఏళ్ల కింద కట్టు కట్టారు. ఇప్పటికీ ఆ చేత్తో ఆకు అదిమిపట్టి, ఎడమ చేత్తోనే బీడీలు చుడుతుంది. ఇంట్లోనే ఉండే యోహాను జగిత్యాలలో ఒక హాస్టలు గేటు ముందు దొరికినవాడు. ఎవరి బిడ్డో తెలియదు గానీ చేతిలో ఉన్నది మాత్రం గీతవాసి. సెంట్రింగు పనికి పోతూ చెయ్యి దాచుకుని బతుకుతున్నాడు. ఇక స్వప్న సిరిసిల్ల నేతోళ్ల పిల్ల. అమ్మానాన్న పోయాక మేనమామ సాకాడు. తెగిన పోగు చేతికిచ్చి అతకమంటే అది అతకలేదు సరికదా, ఆమె పట్టుకున్న సాంచా మగ్గం ఇనుప చక్రం పళ్లు మైనంలా వంగిపోయాయి. ఆ రోజే గెంటేశాడు. ఈ ఇద్దరినీ చేరదీసింది సమ్మవ్వే. ఇంటికి ఒకటే కట్టడి పెట్టింది: ఎవలోళ్లు, ఏ కులపోళ్లు అని ఎవరూ ఎవరినీ అడగొద్దు.

స్వప్నకు యోహాను తమ్ముడికంటే ఎక్కువ. పన్నెండేళ్లుగా వాడి చెయ్యి దాచడమే ఆమెకు బతుకు. అందుకే రాధికను విడిచిపెట్టలేదు. నీ వాసి ఏందని అడిగితే ఆ పిల్ల తలొంచుకుని, నాకేం లేదంది. ఏమీ లేనిదానివి కొంగు చాటున వేళ్లెందుకు దాస్తున్నావమ్మా?

ఇంట్లో అడగొద్దన్నారు కాబట్టి బయట అడిగింది. సిరిసిల్లలో ఆమె నూలు కండెలు చుట్టే మగ్గాల షెడ్డు యజమాని, ఆసామి పరశురాములు. ఆయనకు కోరుట్లలో చుట్టాలున్నారు. మా ఇంట్లకు ఒక పిల్ల అచ్చింది, ఎవలోళ్లో ఎరుకలేదు, జర అర్సుకోమని చెప్పింది. దానిదేముంది బిడ్డా, అర్సుకుంటనన్నాడు పరశురాములు. ఆ పొద్దు తన బండి మీద ఇంటిదాకా దింపి కూడా వచ్చాడు.

ఆ తర్వాత నాలుగో రోజు కమిటీ జీపు ఊళ్లో తిరిగింది. పన్నెండేళ్లు రాని జీపు, రాధిక వచ్చిన పది రోజులకే వచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలి? అనుమానం వచ్చిన కంటికి ఆ పిల్ల నిలబడ్డా తప్పే, కూర్చున్నా తప్పే. స్వప్న ఒక పథకం వేసింది. గురువారం నాడు యోహాను పెగడపల్లి తాటివనానికి పోతాడని రాధిక ఒక్కదాని చెవిలోనే వేసింది. జీపు అక్కడికొస్తే దొంగ దొరికినట్టే. యోహానుతో మాత్రం ఇంట్లోనే, లోపలి గదిలో గడియ పెట్టుకుని పడుకోమని, ఫోన్ బందు చేయమని చెప్పింది. ఆ పిల్ల కమిటీ మనిషి, దాన్ని దగ్గరికి రానియ్యకు, అని మరీ మరీ చెప్పింది. వాడు అక్క మాట ఎప్పుడు కాదన్నాడు?

గురువారం పొద్దున్నే రెండు బస్సులు మారి పెగడపల్లి చేరింది స్వప్న. తాటివనంలో ఒక మొద్దు చాటున కూర్చుంది. ఎండ నెత్తికెక్కింది. జీపు రాలేదు. మధ్యాహ్నం దాటాక రోడ్డు మీది నుంచి ఒక్క మనిషి పరుగులాంటి నడకతో వచ్చింది, రాధిక. చెప్పుల్లేవు, సంచి లేదు.

ఎందుకొచ్చావని స్వప్న అడ్డం నిలబడింది. ఆ పిల్ల రొప్పుతూ స్వప్న చేతిలోని నీళ్ల సీసా వైపు చూసింది. ఎంత కోపమున్నా నీళ్లు లేవనకూడదు కదా, స్వప్న సీసా చాపింది. రాధిక దాన్ని అందుకోలేదు. గొంతుకూర్చుని, రెండు చేతులూ దోసిలి చేసి నోటి కింద పట్టి, తల వంచుకుని పైనుంచి పోసేదాకా ఆగింది.

నీళ్లు పోస్తూ స్వప్న ఆ దోసిలినే చూసింది. పెద్దింటోళ్లు గ్లాసు ఎత్తి తాగుతారు. ఇలా కూర్చుని దోసిలి పట్టడం పుట్టినప్పటి నుంచి పైనుంచి పోయించుకున్న వాళ్లకే వస్తుంది. ఈ పిల్ల గ్లాసు గోడ మీద పెట్టింది తను మైలపడతానని కాదు, వీళ్లు మైలపడతారని. ఆ సంగతి తెలిసి స్వప్నకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నీళ్లు తాగాక రాధిక నోరు విప్పింది. "అన్న ఏడి అక్కా? ఇంటికి రావద్దని చెప్పు. కమిటీ జీపు మన గల్లీల ఆగింది. ముందట సీట్ల మీ ఆసామి కూసున్నడు, మొన్న నిన్ను బండి మీద దింపిపోయినాయన. ఇంట్ల ఉన్నోళ్లందరి చేతులు చూడాలన్నరు. అవ్వ బీడీల కార్ఖానాకు పోయింది, నాకాడ ఫోన్ లేదు. అందుకే బస్సెక్కి ఉరికచ్చిన."

ఎవలోళ్లో ఎరుకలేదు. తను పరశురాములుతో అన్న మాట స్వప్న చెవుల్లో మోగింది. కమిటీ వెతికేదే అలాంటి ఇంటిని. యోహానును ఆ ఇంట్లో పెట్టి గడియ వేయించింది తనే. హెచ్చరించడానికి ఉన్న ఒక్క మనిషిని ఇంత దూరం పంపిందీ తనే. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆపమన్నదీ తనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఇక్కడ కాలింది తన చేతులైనా కావు.

వాళ్లు తంగళ్ళపల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. యోహాను వాకిట్లో కూర్చుని ఉన్నాడు, కుడి మణికట్టుకు పసుపు దారం. పక్కనే సమ్మవ్వ ఎడమ చేత్తో చెంబులు చెంబులుగా ఆ దారం మీద నీళ్లు పోస్తోంది. మధ్యాహ్నం నుంచీ పోస్తూనే ఉందట, డ్రమ్ము అడుగంటింది. తడి ఆరకుండా చూస్తే చేతిని ఎంతోసేపు కాపాడవచ్చు, ఆ ఉపాయం నలభై ఏళ్ల కింద తనకు చెప్పేవాళ్లు లేకపోయారని గొణుగుతోంది. అప్పటికే యోహాను చిటికెన వేలు తెల్లగా పాలిపోయింది.

రాధిక కొంగు చాటు నుంచి చేతులు బయటికి తీసింది. "నేను ఇప్పుత. నాది నేతవాసి."

ఏ వాసి లేదని స్వప్నను గెంటేశారో ఆ వాసి. స్వప్నకు కుళ్లు పుట్టింది, నిజమే. కానీ ఆ మంటను చూసుకునే తీరిక లేదు. రాధిక వంగగానే యోహాను చెయ్యి వెనక్కు లాక్కున్నాడు.

"ముట్టకు," అన్నాడు.

రాధిక ఎందుకని అడగలేదు. ఆ మాట ఎన్నిసార్లు విన్నదో, విన్న వెంటనే నాలుగడుగులు వెనక్కు వెళ్లి, గోడ పక్కన, తన గ్లాసు దగ్గర నిలబడింది. చెంబులో ఆఖరి నీళ్లు అయిపోయాయి. సమ్మవ్వ డ్రమ్ము వంచి చూసి, స్వప్న వైపు చూసింది.

నోరు మూసుకుంటే ఇంట్లో పరువు దక్కుతుంది, వాడి చెయ్యి పోతుంది. స్వప్న యోహాను ముందు కూర్చుంది.

"ఆమె కాదుర యోహానూ. నేను. ఈ పిల్ల ఎవలోళ్లో అర్సుకొమ్మని ఆసామికి నేనే చెప్పిన. జీపును తెచ్చింది నేను."

యోహాను ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. పన్నెండేళ్లలో వాడు అక్కను అలా చూడలేదు. తర్వాత ముఖం తిప్పుకుని, చెయ్యి రాధిక వైపు చాపాడు. రాధిక కదల్లేదు, ముట్టుకోవచ్చా అన్నట్టు సమ్మవ్వను చూస్తోంది. స్వప్నే లేచి వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తమ్ముడి మణికట్టు మీద పెట్టింది.

వేలు తగలగానే ముడి సడలింది. దారం మూడు చుట్లూ జారి నేల మీద పడింది. యోహాను చిటికెన వేలు మెల్లగా ముడుచుకుని, మళ్లీ తెరుచుకుంది. రాధిక పది వేళ్లూ కణుపుల దాకా పచ్చగా అయ్యాయి.

"గీ వేళ్లు చూస్తే మళ్లస్తరు," అంది రాధిక. "ఎవలోళ్లని అడుగుతరు. నేను పోత అక్కా."

స్వప్న గోడ మీది గ్లాసు తీసుకుంది. తాగే కుండ అడుగున మిగిలిన గ్లాసెడు నీళ్లు ముంచి, పెదవులానించి సగం తాగి, ఆ సగం గ్లాసు రాధిక చేతిలో పెట్టింది.

"అడగనీ. మావోళ్లని చెప్త."

రాధిక తాగింది. యోహాను ఆ పూట స్వప్నతో మాట్లాడలేదు, మరునాడూ మాట్లాడలేదు. గూట్లో మాత్రం గ్లాసులు నాలుగయ్యాయి.