పిన్నుల మీద బొట్టు

ఆగండి, ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది వినండి. నగరి నుంచి తిరుపతి వెళ్లే బస్సులో కూర్చుని గబగబా టైప్ చేస్తున్నాను. పుత్తూరు దాటేలోపు నాకొక జవాబు కావాలి.

మా పెదనాయన చెంగయ్యకి గొంతు ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. మాట పోయింది. ముప్పై ఏళ్లు మరమగ్గాల దగ్గర పోగులు ముడివేసిన వేళ్లు కాయలు కాచిపోయాయి, ఫోన్ అద్దం మీద నొక్కితే ఫోనుకి తెలియదు. అందుకే నెల కిందట ఒక కీబోర్డు తెప్పించాను. ఫోను వీపుకి అతుక్కుంటుంది, లాగితే కిందికి జారి వస్తుంది. నిజమైన మీటలు, నొక్కితే టక్కుమంటాయి. దానికి సొంత బ్యాటరీ ఉంది, ఫోనుకి ఛార్జింగ్ కూడా ఇస్తుంది. ఆయన టైప్ చేస్తే ఫోను పైకి చదువుతుంది, వార్తలు చదివే అమ్మాయి గొంతుతో.

ఈ రోజు పదకొండుకి మగ్గాల షెడ్డు యజమాని ధనంజయ పెదనాయన వాళ్లింటికి వస్తానన్నాడు. మాట రాని మనిషి నేసేవాళ్లను చూసుకునే మేస్త్రీ పని ఎలా చేస్తాడని ఆయన అనుమానం. ఫోనుతో మాట్లాడి ఒప్పిస్తే పని నిలుస్తుంది, లేదంటే ఇంకొకరికి పోతుంది.

నేను వెళ్లేసరికి పది. లైను మరమ్మతులని తొమ్మిదికే కరెంటు తీసేశారు, రెండు దాకా రాదు. ఫోను ఐదు శాతం. కీబోర్డు బ్యాటరీ మాత్రం నిండుగా ఉంది. హమ్మయ్య అనుకుని అతికించాను, ఛార్జింగ్ గుర్తు వచ్చింది. పది నిమిషాలైనా అదే ఐదు. వెలుతురు తగ్గించాను, నెట్ ఆపాను, యాప్‌లన్నీ మూసేశాను, వేడెక్కిందేమోనని విసనకర్రతో విసిరాను. నాలుగు శాతానికి పడింది.

పెదనాయన మీటలు నొక్కాడు. ‘ఇంజనీరింగు సదివేది ఇందుకేనా’ అంది వార్తల గొంతు. మాటలు దాచుకోమని బతిమాలాను.

మీటలు పనిచేస్తున్నాయి కదా, అతుకు బాగానే ఉందనుకున్నాను. అదే నా తప్పు. మీటలు బ్లూటూత్‌తో నడుస్తాయి, ఛార్జింగ్ మాత్రం ఫోను వీపు మీది ఐదు చిన్న పిన్నుల గుండా పోవాలి. ఊడదీసి చూశాను. పిన్నులు కనపడలేదు. వాటి మీద గంధం, గంధం మీద కుంకుమ, ఎండి పెచ్చు కట్టి ఉంది.

పెద్దమ్మ ఆనందమ్మని అడిగాను.

“మగ్గానికి బొట్టు యాడ పెడతాము? మోటారు స్విచ్చి కాడనే గదా. కరెంటు యాడ పారతాదో ఆడనే పెట్టాల. మూడు శుక్రవారాల నుంచి పెడతాండా” అంది.

తుడుస్తానన్నాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“దాని జోలికి పోవద్దు. నేను బొట్టు పెట్టినాకనే మీ పెదనాయన దాంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినాడు. ఏడు నెలలకి ఇన్నా నా పేరు.”

పెద్దమ్మ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లింది. పదిన్నర. పెదనాయన గూట్లో ఉన్న స్పిరిట్ సీసా, దూది తీసి నా ముందు పెట్టాడు, గొంతు గాయానికి వాడినవి. పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. తుడిచి మళ్లీ అతికించాను. ఆరు, తొమ్మిది, పద్నాలుగు శాతం. వాకిట్లో ధనంజయ బండి ఆగింది.

ఆయన కూర్చుంటూనే అడిగాడు. “తొమ్మిదో మగ్గంలో పోగు తెగింది, నేసే పిల్ల యాడో సూస్తాండాది. గొంతు లేనోడివి, ఎట్ల పిలుస్తావు చెంగయ్యా?”

పెదనాయన తొందరపడలేదు. టక్కుటక్కుమని నొక్కాడు. ‘ఆ మోతలో నా గొంతు నీకు ఏనాడన్నా ఇనపడిందా సారూ. ముప్పై ఏండ్లూ చేత్తోనే గదా చెప్పినా.’

ధనంజయ నవ్వాడు. సోమవారం షెడ్డు తాళాలు తీసుకోమన్నాడు.

ఆయన వెళ్లగానే పెద్దమ్మ గంధం గిన్నె తెచ్చింది. ఈ రోజూ శుక్రవారమే. పెదనాయన నా వైపు చూడకుండా కీబోర్డు ఊడదీసి, ఫోను వీపు ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆమె వంగి చూసింది.

“సూసినావా హేమా, పాత బొట్టంతా పీల్చేసుకున్నాది. అందుకే అంత బాగా మాట్లాడింది” అని, ఈసారి ఇంకా మందంగా, సరిగ్గా అక్కడే పెట్టింది.

ఇప్పుడే పెదనాయన మెసేజ్ వచ్చింది. ఛార్జింగ్ మళ్లీ ఎక్కడం లేదట, పెద్దమ్మకి చెప్పొద్దట. సోమవారం నుంచి పొద్దంతా షెడ్డులో ఆయనకి ఆ ఫోనే నోరు. బొట్టు పిన్నుల పక్కన పెట్టమని పెద్దమ్మకి చెప్పాలంటే, మొదటి మూడు బొట్లూ ఆయన మాటకి అడ్డం పడ్డాయని కూడా చెప్పాలి. చెప్పకపోతే, వారం వారం ఆయన దొంగలా దూది తీయాలి. మీరైతే ఏం చేస్తారు?