దొడ్డి తలుపవతల

తెల్లవారి కొడుకు దొడ్లోకి వెళ్ళాడంటే కామేశ్వరమ్మకు మరో పని తోచేది కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా, వంటింటి గుమ్మంలో నిలబడి చెవులు అటే వేసి ఉంచేది. లోపల్నుంచి మూలుగు వినబడేది. బండరాయి ఎత్తేవాడిలా పళ్ళు బిగించి ముక్కేవాడు బాలగంగాధరం.

ఆ మూలుగు ఆవిడకు కొత్త కాదు. భర్త శరభయ్య గారూ అలాగే మూలిగేవారు. ఆయనకు గజ్జలో వాపుండేది. పడుకుంటే పోయేది, లేస్తే వచ్చేది. ఒక శివరాత్రి మర్నాడు అది రాయిలా గట్టిపడి మరి లోపలికి వెళ్ళలేదు. వాంతులు పట్టుకున్నాయి. శూల అనుకుని ఆముదం పట్టారు, ఉప్పు కాపడం పెట్టారు. ఊరికి రోడ్డు పడలేదప్పటికి. అమలాపురం తీసుకువెళ్దామని పడవ మాట్లాడేలోగా మనిషి దక్కలేదు.

"ఇవాళైనా అయిందిట్రా నాయనా?" అని కొడుకు బయటికి రాగానే అడిగేది.

"దండోరా వేయించవే అమ్మా, పూజారి గారికి ఇవాళా కాలేదని," అనేవాడు వాడు నవ్వుతూ.

అయినా కాకపోయినా ఆగే వీల్లేదు. ఇంటి పక్కనే శివాలయం, అర్చకత్వం వాళ్ళది. స్నానం చేసి మడి కట్టుకున్నాక నైవేద్యం అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. మధ్యలో దొడ్లోకి వెళ్తే మడి పోతుంది. మళ్ళీ తలమీంచి స్నానం, మళ్ళీ తడిబట్ట, మళ్ళీ అభిషేకానికి నీళ్ళు తోడుకోవడం. అక్కడేమో భక్తులు కాచుకుని ఉంటారు. అందుకని వచ్చినదాన్ని బిగబట్టడం శరభయ్య గారికి అలవాటైంది, ఆయన వెనక కొడుక్కీ అలవాటైంది. చిన్నతనంలో వాడు ఆపుకోలేక ఏడిస్తే, "కాసేపు ఓర్చుకో నాన్నా, నైవేద్యం అయిపోవచ్చింది" అని బుజ్జగించింది కామేశ్వరమ్మే. నైవేద్యం అయ్యేసరికి ఆ కదలిక కాస్తా అణిగిపోయేది. మర్నాడు మళ్ళీ ముక్కడం.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, కార్తీక సోమవారం. నూతి దగ్గర గిలక మోత ఉన్నట్టుండి ఆగిపోయింది. కామేశ్వరమ్మ తొంగి చూసింది. బాలగంగాధరం నీళ్ళ బిందె కింద పెట్టి, ఒక చేత్తో నూతి గట్టు పట్టుకుని, రెండో చెయ్యి తడిపంచె మీంచి గజ్జలో అదిమి పెట్టుకుని ఉన్నాడు.

"ఏమిట్రా అది?"

"ఏం లేదే. నరం పట్టింది."

"చెయ్యి తియ్యి."

తీయలేదు. ఆవిడ మడీ గిడీ చూసుకోకుండా వెళ్ళి ఆ చెయ్యి పక్కకు లాగేసింది. పంచె కింద నిమ్మకాయంత ఉబ్బు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొలి ఏకాదశి నుంచి. పడుకుంటే పోతోందిలే. నీకు చెబితే నువ్వు పడుకోవని చెప్పలేదు."

"పద అమలాపురం."

"అభిషేకాలున్నాయే అమ్మా."

"శివుడు ఆగుతాడురా. మీ నాన్నగారికే వ్యవధి లేకపోయింది."

గుళ్ళో పని వాడి పినతండ్రి కొడుకు గౌరీశంకరానికి అప్పజెప్పి ఇద్దరూ రిక్షా ఎక్కారు. కాలవగట్టు మీద గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ కొడుకు మొహంలోకి చూసేది. "వాంతి వచ్చేలా ఉందిట్రా?" మరో గతుకు. "వస్తే చెప్పు నాన్నా, దాచకు."

"ఊరుకోండమ్మగారూ," అన్నాడు రిక్షా తొక్కుతున్న రాఘవులు. "మీరలా అడుగుతుంటే నాకొచ్చేలా ఉందండి."

డాక్టరు దేవసహాయం గారు ఆవిడ చెప్పిందంతా విని, బాలగంగాధరాన్ని బల్లమీద పడుకోబెట్టి, వేళ్ళతో మెల్లిగా నొక్కారు. ఉబ్బు గుడగుడమని లోపలికి జారిపోయింది.

"పేగు అమ్మగారూ. దీన్ని హెర్నియా అంటాం. అక్కడ పొట్టగోడ బలహీనంగా ఉంది. రోజూ ముక్కుతుంటే, బరువులెత్తుతుంటే ఆ ఒత్తిడికి పేగు సందు చూసుకుని దిగింది. ఇలా లోపలికి వెళ్తున్నంత కాలం పరవాలేదు. ఇరుక్కుని గట్టిపడిందా, వ్యవధి ఉండదు. అప్పుడు ఆముదాలు పట్టకండి, నా దగ్గరికి పరుగెత్తుకు రండి. అంతదాకా రానివ్వకుండా ఆపరేషన్ చేసేద్దాం."

ఆముదం మాట వినగానే ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమయ్యా, నీళ్ళెన్ని తాగుతావు?" అని డాక్టరుగారు అడిగితే బాలగంగాధరం తల్లి వంక చూశాడు.

"శివుడికి బిందెల కొద్దీ పోస్తావు, నీ కడుపులో గ్లాసుడు పోసుకోవు. చూడండమ్మా, కుట్టడం నా వంతు. మీవాడు మళ్ళీ బిగబట్టి ముక్కాడంటే ఆ కుట్టు నిలుస్తుందని నేను చెప్పలేను."

కొడుకుని లోపలికి తీసుకువెళ్ళాక వరండాలో ఆవిడ చెయ్యని మొక్కు లేదు. స్ట్రెచర్ చక్రం కిర్రుమన్నప్పుడల్లా లేచి నిలబడింది. వాణ్ణి బతికించి బయటికి తెచ్చారు. అయినా భయం పోలేదు, గజ్జలోంచి కుట్టులోకి మారింది, అంతే.

బరువులెత్తకుండా పూజ చేసుకోవచ్చని డాక్టరుగారు చెప్పాక, నీళ్ళు మోసే పని గౌరీశంకరం తీసుకున్నాడు. మళ్ళీ పూజకు దిగిన రోజు తెల్లవారుతూనే ఆవిడ కొడుకు చేత చెంబుడు నీళ్ళు దగ్గరుండి తాగించింది. "మడి?" అన్నాడు వాడు. "తాగు," అంది.

అభిషేకం ముగియవస్తుండగా మంత్రం చదువుతున్న వాడి గొంతు ఆగింది. దవడ బిగుసుకుంది. ఆ బిగింపు ఆవిడ ఎరుగును.

"వెళ్ళు," అంది స్తంభం పక్కనుంచి.

"నైవేద్యం అయిపోవచ్చిందే."

"వెళ్ళమన్నానా. స్నానానికి నీళ్ళు తోడి ఉంచాను."

అభిషేకం చేయిస్తూ పీటల మీద కూర్చున్న మంగరాజు గారు తలెత్తారు. "ఏమిటండీ, మధ్యలో ఆపేసేరు?"

"కాసేపు ఓర్చుకోండి రాజుగారూ," అంది కామేశ్వరమ్మ, కొడుకు వెనకే నడుస్తూ.

దొడ్డి తలుపు మూసుకుంది. ఆవిడ అవతల నిలబడి విన్నది. మూలుగు లేదు. చప్పుడే లేదు. అలవాటైన మూలుగు కన్నా ఆ నిశ్శబ్దం ఆవిణ్ణి ఎక్కువ వణికించింది.

"ఒరే, ఉన్నావా?"

"ఉన్నానే. నువ్వెళ్ళు."

వెళ్ళలేదు. తలుపుకి చెవి ఆనించింది. ఎంతసేపటికో లోపల చెంబుతో నీళ్ళు ముంచుకున్న చప్పుడైంది. అప్పుడు వదిలింది ఊపిరి.