ఆఫీసరుగారి కోసం శుభ్రం చేసిన ఒడ్డు

ఆఫీసరుగారు వచ్చే రోజు పొద్దున, షెడ్డు తాళం తీద్దామని వచ్చిన స్పానరమ్మ ఒడ్డు చూసి తాళంచెవి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. ఒడ్డు అద్దంలా ఉంది. ఇటుక ముక్క లేదు, సిమెంటు పెళ్ళ లేదు, చివరికి ఆ విరిగిన కమోడు కూడా లేదు. ఏడాదిగా ఆ కమోడుని ఒకసారి నోరారా తిట్టుకోనిదే ఆవిడ పని మొదలుపెట్టేది కాదు.

స్పానరమ్మ పడవల ఇంజన్లు బాగుచేస్తుంది. నది వెళ్ళి సముద్రంలో కలిసే చోట, మొగ దగ్గర, ఆవిడ షెడ్డు. పడవలు షెడ్డు ముందున్న పాయలోంచి నేరుగా వాలుగట్టు దాకా వచ్చి ఆగేవి. అవతలెక్కడో పాత ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కడుతున్న మహానుభావులెవరో లారీలకి లారీలు తెచ్చి ఆ పాయలో గుమ్మరించడం మొదలుపెట్టారు. పాయ పూడింది. పోటు మీద నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు తప్ప పడవ రాదు. వచ్చినా అడుగు గీసుకుంటుంది. పడవలవాళ్ళు మొహమాటపడుతూనే వేరే మెకానిక్కుల్ని చూసుకుంటున్నారు. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే షెడ్డు మూసుకుని ఇంట్లో కూర్చోవడమే.

అందుకే సమితి పెట్టారు. సమితి అంటే ఏదో అనుకునేరు. బ్యానరు మీద చేప ఉండాలా కొంగ ఉండాలా అని నెలల తరబడి కొట్టుకున్నారు. కొంగ నోట్లో చేప పెడదామని రాజీకి వచ్చాక, కొంగ ఎటు చూడాలని మళ్ళీ మొదలుపెట్టారు. ఆ మీటింగుల్లో కూర్చుని కూర్చుని స్పానరమ్మకి తల బొప్పి కట్టింది. చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఆఫీసరుగారిని రప్పిస్తున్నది మాత్రం ఆవిడే. ఆయన వచ్చేది ఒక్కసారి. చూసి ఏం రాస్తే అదే.

స్పేరుపార్టుల కోసం నిన్న ఒక్కరోజు టౌనుకి వెళ్ళిందో లేదో, ఇదీ సంగతి.

ఇస్త్రీ చొక్కాలో అన్నయ్య వచ్చాడు. టైలరు, సమితికి ప్రెసిడెంటు. మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది?"

"ఏది?"

"ఒడ్డమ్మా! నిన్నంతా అందరం చేతులు వేశాం. కంటికి కనిపించిందల్లా తీసిపారేశాం."

"ఎందుకు తీశారు?"

"ఎందుకేంటి? అంత పెద్దాయన వస్తుంటే చెత్త చూపిస్తామా? ఎంత నామోషీ!"

"ఆయన వచ్చేదే చెత్త చూడ్డానికి కదా అన్నయ్యా!"

అన్నయ్య నవ్వు సగంలో ఆగింది. తప్పు కత్తిరించిన గుడ్డని చూసినట్టు ఒడ్డువైపు కాసేపు చూశాడు.

"తీసేముందు ఫొటోలైనా తీశారా?"

"తీయకుండా ఉంటామా!" అని ఫోను చూపించాడు. సమితి మొత్తం భుజాలు రాసుకుని వరసగా నిలబడి నవ్వుతోంది. వాళ్ళ వెనక ఏముందో దేవుడికే తెలియాలి. మధ్యలో ఎవరి మోచేతి కిందనుంచో కమోడు అంచు మాత్రం కనిపిస్తోంది.

స్పానరమ్మ తల పట్టుకుంది. "తీసింది ఎక్కడ పోశారు?"

"నీ షెడ్డు వెనకే. పరాయివాళ్ళ స్థలమైతే అడగాలి. నిన్ను అడిగేదేముంది?"

"సరే. మధ్యాహ్నం పోటు తగ్గి నీళ్ళు తీస్తాయి. అప్పుడు అడుగునున్నదైనా కనిపిస్తుంది. ఆయన వచ్చేది ఆ వేళకేగా."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అదీ... పాపం, ఎండలో ఆయనకి కష్టమని ఫోన్ చేసి పొద్దున్నే రమ్మన్నాను."

కొంప ముంచావురా నాయనా అనుకునేలోపే జీపు వచ్చి ఆగింది. పాయ గట్టుదాకా నిండి తొణికిసలాడుతోంది.

ఆఫీసరుగారు మర్యాదస్తులే. అటూ ఇటూ చూశారు. "చాలా శుభ్రంగా ఉంచుకున్నారు" అన్నారు. సమితి సభ్యులు పొంగిపోయారు. స్పానరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"పూడింది ఎక్కడ?" అన్నారాయన.

"నీళ్ళ కింద సార్. కాసేపు ఆగితే..."

"ఆగడానికి లేదమ్మా. ఇంకో చోటికి వెళ్ళాలి."

వెళ్ళేవారు వెళ్ళక షెడ్డు వెనక్కి తొంగి చూశారు. అక్కడ నడుమెత్తు గుట్ట. గుట్ట మీద కమోడు.

"ఈ షెడ్డు ఎవరిది?"

"నాదే సార్."

"ఏటి ఒడ్డున ఇంత చెత్త పోగేసి మాకే ఫిర్యాదులా? షెడ్డు మూయమని నోటీసు ఇవ్వాల్సి ఉంటుంది." జేబులోంచి పెన్ను తీసి, చేతిలో ఉన్న కాగితం మీద రాయడం మొదలుపెట్టారు.

స్పానరమ్మ ఏడాది తిరుగుడంతా ఏట్లో కలిసింది, దాంతోపాటు షెడ్డు కూడా. అందరూ ప్రెసిడెంటు వైపు చూశారు. చొక్కా చేతులు పొట్టి అయ్యాయంటే మీ చేతులే పెరిగాయని వాదించే మనిషి అన్నయ్య. పుట్టి బుద్ధెరిగాక తప్పు నాది అన్న పాపాన పోలేదు. ఆయన ఒకడుగు ముందుకి వేశాడు.

"అది నేను పోయించింది సార్. తప్పు నాదే. మా చెల్లెలు నిన్న ఊళ్ళోనే లేదు."

ఆఫీసరుగారు ఏదో అనబోయారు. ఈలోగా లెక్కల మాస్టారు అందుకున్నారు. "మీరొక్కరే పోశారా? మరి నేను మోయలేదా?"

"మోశారు, ఇటుక ముక్కలు! కమోడు మోసింది నేను!" అంది మైకు పిన్ని. ఆవిడ గొంతు వింటే ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ అడగరు.

"అసలు ఎక్కణ్ణుంచి తీశారు ఇదంతా?" అన్నారు ఆఫీసరుగారు. ఆ ఒక్క మాటతో ఆయన ఇరుక్కుపోయారు.

ఇక్కణ్ణుంచి అన్నారు మాస్టారు. కాదు, అక్కణ్ణుంచి అంది పిన్ని. మాటలతో కాదని మాస్టారు ఒక పెళ్ళ ఎత్తుకెళ్ళి ఒడ్డున పెట్టారు. పిన్ని కమోడు ఈడ్చుకొచ్చి ఇంకో చోట పెట్టింది. చూస్తుండగానే తలా ఒకటి మోసుకొస్తున్నారు.

"మళ్ళీ ఏట్లో వేస్తున్నారేంటండీ!" అని అరిచారు ఆఫీసరుగారు.

"వేయడం లేదు సార్, చూపిస్తున్నాం!"

ఇక చాలు అని అరవడానికి స్పానరమ్మ నోరు తెరిచింది. మీటింగుల్లో ఎప్పుడూ ఆ మాట అనేది తనే. అప్పుడు వాలుగట్టు మీద ఆవిడ చూపు పడింది. నీటి అంచుకి పైన తడి చార. నీళ్ళు తీయడం మొదలైంది.

ఆవిడ నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "పిన్నీ, కమోడు నిజంగా అక్కడే ఉండేదా? నాకెందుకో ఇంకాస్త అవతల ఉన్నట్టు గుర్తు" అంది.

ఇంకేముంది, నిప్పులో నెయ్యి పోసినట్టయింది. స్పానరమ్మ లోపల్నుంచి కుర్చీ తెచ్చి ఆఫీసరుగారికి వేసింది. టీ పెట్టి ఇచ్చింది. ఆయన లేవబోయినప్పుడల్లా, "మీరే చెప్పండి సార్, ఈయన మాటకేమైనా అర్థముందా?" అని పిన్ని అడ్డం నిలబడింది. గొడవ చల్లారుతుందనిపిస్తే చాలు, స్పానరమ్మ ఇంకో పెళ్ళ చూపించి, "ఇదెక్కడిది మాస్టారూ?" అని అడిగింది. వాళ్ళు ఇంకా పోట్లాడుకోవాలని ఆవిడ మొక్కుకోని దేవుడు లేడు.

ఎండ ఎక్కేకొద్దీ నీళ్ళు దిగాయి. ముందు ఒక ఇనుప కమ్మీ బయటపడింది. తర్వాత పగిలిన శ్లాబు మూల. తర్వాత ఇటుకలు, టైల్సు, గడపలు, పాయకి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా. ఎన్ని ఇళ్ళు కూల్చారో, అన్నీ తెచ్చి అందులోనే వేశారు. మధ్యలో బురదలోంచి ఇంకో కమోడు పైకి లేచింది.

"అదిగో, రెండున్నాయని నేను నిన్ననే చెప్పలేదూ!" అంది పిన్ని, ఈసారి నెమ్మదిగా.

ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి వాలుగట్టు చివరిదాకా నడిచారు. చాలాసేపు చూశారు. నోటీసు కాగితం చింపి జేబులో పెట్టుకున్నారు.

"లారీలు ఎటునుంచి వస్తాయి?" అన్నారు.

సమితి చరిత్రలో మొదటిసారి అందరి వేళ్ళూ ఒకే వైపు చూపించాయి.

పాయకి ఫొటోలు తీసుకుని, రాసుకోవాల్సింది రాసుకుని, ఆయన జీపెక్కుతూ దణ్ణం పెట్టారు. "లారీలు ఇవాళే ఆపిస్తాను. తవ్వించడానికి మనుషుల్ని తీసుకొస్తాను. మీ పుణ్యముంటుంది, అప్పటిదాకా ఏదీ శుభ్రం చేయకండి."

జీపు మలుపు తిరగకముందే, వచ్చేవాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలని సమితి వాదన మొదలుపెట్టింది.

స్పానరమ్మ అన్నయ్యని చెయ్యి పట్టి షెడ్డులోకి లాక్కొచ్చింది, తిట్లు అక్కడ మొదలుపెడదామని. చెయ్యి పట్టుకోగానే ఆయన అబ్బా అన్నాడు. తిప్పి చూస్తే అరచేతులు రెండూ బొబ్బలు, చర్మం లేచిపోయి ఉంది. కత్తెర కన్నా బరువైనదేదీ ఎత్తని చేతులవి.

"నిజం చెప్పు. ఇదంతా ఆ పెద్దాయన కోసమేనా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "నాన్న ఇక్కడ పడవ కట్టేసే రోజుల్లో ఒడ్డు ఎలా ఉండేదో, ఒక్కసారి అలా చూడాలనిపించింది. చెబితే తిడతావని..."

"తిడతాను" అంది ఆవిడ. సబ్బు తెచ్చి ఆయన చేతులు కడిగింది. మంటకి ఆయన గెంతులు వేస్తుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు ఇద్దరికీ వచ్చాయి.

పొద్దున తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు, కోపం రాకముందు ఒక్క క్షణం, ఆవిడ కళ్ళు ఒడ్డు వెంట నాన్న పడవ కోసమే వెతికాయి. ఆ మాట మాత్రం అన్నయ్యకి చెప్పలేదు. చెబితే మళ్ళీ శుభ్రం చేస్తాడు.