తెర మీదే చూపిస్తా

ఆ గేమ్ మెషిన్ ఇంటికొచ్చిన రోజు వీధి తలుపు ఊడదీయాల్సి వచ్చింది. మోసుకొచ్చిన కూలీలిద్దరూ చెమటలు తుడుచుకుంటూ "ఇది లోపలికి పట్టదమ్మా" అన్నారు. "మెషిన్ పట్టకపోతే తలుపు పోతుంది గానీ, మెషిన్ పోదు" అని ఇంటావిడే స్క్రూడ్రైవర్ తెచ్చి మడతబందులు విప్పేసింది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నప్పుడు ఆవిడకి ఎదురు చెప్పేవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు.

వీధిలో అందరూ ఆవిడని టీవీ అక్క అంటారు. జనం పారేయబోయిన టీవీలకి పాతికేళ్లుగా ప్రాణం పోస్తున్న మెకానిక్. ఇంట్లో మాత్రం ఆవిడకి ఇంకో పేరుంది. కోతలక్క. ఆ పేరు పెట్టింది తమ్ముడు, మెచ్చుకుంది నాన్న, ఇప్పటికీ ముద్దుగా పిలుస్తున్నది అమ్మ. ఆ ముద్దు విన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండుతుంది.

ఇరవై ఆరేళ్ల కిందట నాన్న గడియారాల కొట్టు పక్కన వీడియో గేముల పార్లర్ ఉండేది. అందులో ఉండేది ఈ మెషిన్. పైనుంచి వరసలుగా దిగే శత్రు విమానాల్ని కింద నుంచి కాల్చి పడగొట్టాలి. ఎక్కువ స్కోరు చేసిన పదిమంది పేర్లూ, ఒక్కొక్కటి మూడేసి అక్షరాల్లో, తెర మీద కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన తమ్ముడి పేరుండేది. అప్పటికి వాడికి పదమూడేళ్లు. పార్లర్ ఆయన వాడిని ఛాంపియన్ అన్నాడు, వీధంతా ఛాంపియన్ అంది. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ నాన్న "మావాడు ఛాంపియనండీ" అని చెప్పేవాడు. గడియారం ఆలస్యంగా నడుస్తోందని వచ్చినవాళ్లు ఆ కబుర్లతో ఇంకో అరగంట ఆలస్యమయ్యేవాళ్లు.

ఒక సాయంత్రం పార్లర్ ఆయన బయటికి వెళ్లిన సమయంలో, పదహారేళ్ల అక్క ఒక్క నాణెంతో గంటంబావు ఆడింది. ఆట ముగిసేసరికి తమ్ముడి పేరు రెండో వరసకి దిగింది, తన పేరు పైకెక్కింది. ఆవిడ ఒక్క పరుగున బయటికొచ్చి, వీధిలో ఆడుకుంటున్న తమ్ముడితో "లోపలికెళ్లి చూడరా! నేను నాన్నని తీసుకొస్తా!" అని అరిచింది. నాన్నని చెయ్యిపట్టి లాక్కొచ్చేసరికి తెర నల్లగా ఉంది.

"నేనొచ్చేసరికే ఆరిపోయింది నాన్నా. నేనేం చూళ్లేదు" అన్నాడు తమ్ముడు.

పార్లర్ ఆయన వచ్చి ఎన్ని స్విచ్‌లు నొక్కినా తెర వెలగలేదు. కొత్త మెషిన్లు దిగుతున్న రోజులు కాబట్టి బాగుచేయించే ఓపిక లేక దాన్ని వెనక గదిలోకి నెట్టేశాడు. నాన్న మాత్రం నవ్వుతూ "ఇంతకీ ఎంత చేశావమ్మా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకుందామని అడిగిన మొహం కాదది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెప్పను. తెర మీదే చూపిస్తా" అంది.

అన్న మాట మీద నిలబడింది. ఆ అంకె అమ్మకి చెప్పలేదు, స్నేహితురాళ్లకి చెప్పలేదు, నిద్రలో కూడా పలికి ఉండదు. ఆరిపోయిన తెరలు వెలిగించే విద్య నేర్చుకున్నదే ఆ కోపంతో. ఈలోగా చుట్టాల్లో ఎవరింట్లో నలుగురు చేరినా తమ్ముడు ఆ కథ తీసేవాడు. "మా అక్క నా రికార్డు కొట్టేసిందండోయ్! పాపం, అదే నిమిషానికి తెర చచ్చిపోయింది!" అంటే అందరూ విరగబడి నవ్వేవాళ్లు. నాన్న ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజుల్లో, రాత్రింబవళ్లు పక్కన కూర్చున్న ఆవిడని నర్సుకి "మా కోతలక్క" అని పరిచయం చేశాడు. తన మీద ప్రేమతోనే అన్నాడని ఆవిడకి తెలుసు. అందుకే ఇంకా కడుపు మండిపోయింది.

ఇప్పుడు పార్లర్ ఉన్న భవనం కూలగొడుతున్నారు. పార్లర్ ఆయన కూతురు ఫోన్ చేసి "వెనక గదిలో ఒక పాత మెషిన్ ఉందక్కా, కావాలా?" అంది. ఆవిడ చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బయల్దేరింది.

మెషిన్ వచ్చిందని తెలిసి తమ్ముడు ఆ సాయంత్రమే వచ్చాడు. చుట్టూ తిరిగి, ఎర్ర బంతి అరిగిపోయిన జాయ్‌స్టిక్‌ని అటూ ఇటూ ఆడించాడు.

"ఇన్నేళ్లయింది, లోపల ఇంకా ఏముంటుందక్కా? మట్టీ, బొద్దింకలూ!"

"స్కోర్లు బోర్డులో ఉంటాయిరా. దానికో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది బతికున్నంతకాలం అవీ ఉంటాయి."

వాడి చెయ్యి జాయ్‌స్టిక్ మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎప్పటిలాగే నవ్వాడు. "సరే, ఎంతో ఇప్పుడే చెప్పు. రేపు ఏదో ఒకటి వెలిగించి ఇదేనంటే మేం నమ్మాలా?"

ఆవిడ పాత రసీదు వెనక 2,87,640 అని రాసి, నాలుగు మడతలు పెట్టి, అమ్మ చేతిలో పెట్టింది. "తెర వెలిగాక విప్పమ్మా. అంతదాకా వాడికీ చూపించకు, నువ్వూ చూడకు." అమ్మ దాన్ని కళ్లజోడు పెట్టెలో వేసి టప్పున మూసింది.

మూడు నెలలు పట్టింది. తేమకి ఉబ్బి పొరలు విచ్చుకున్న అడుగు చెక్క కోసేసి కొత్త ప్లైవుడ్ అతికించింది. పక్కల మీది బొమ్మలకి సన్నటి కుంచెతో రంగులు దిద్దింది. బోర్డు అంచుకున్న రాగి పళ్లని పెన్సిలు రబ్బరుతో రుద్ది మెరిపించింది. బ్యాటరీకి మీటర్ పెట్టి చూస్తే మూడు వోల్టులు ఉండాల్సిన చోట రెండుంబావు ఉంది. కొన ఊపిరితో ఉంది గానీ పోలేదు. దాన్ని పీకకుండా, పక్కనే కొత్త బ్యాటరీ వైర్లు అతికి, ఆ తర్వాతే పాతదాన్ని కోసింది. సాల్డరింగ్ ఐరన్ పట్టుకున్నంతసేపూ ఊపిరి కూడా పీల్చలేదు.

తెరకి కరెంటిచ్చే భాగం విప్పితే లోపల బొగ్గయి ఉంది. వయసైపోయి చచ్చిన టీవీని ఆవిడ వాసనతోనే గుర్తుపట్టగలదు. ఇది అలా చచ్చింది కాదు. నడుస్తున్న దాని ప్లగ్గు ఎవరో టకటకా పీకి, పెట్టి, మళ్లీ పీకినట్టుంది. పార్లర్‌కొచ్చే పిల్లల కోతి చేష్టలే అయ్యుంటాయనుకుని మార్చాల్సినవి మార్చింది.

అందరూ రావలసిన ఆదివారానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం, బోర్డు కలపకుండా తెర ఒక్కటే వెలిగించి చూసింది. ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ గాజు మీద వెలుగొచ్చింది. కొంచెం పక్కకి ఒరిగి ఉంది, అంతే. దాన్ని సరిచేసి బోర్డు ప్లగ్గు పెడితే అయిపోయినట్టే. స్విచ్ ఆపింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, ఆదివారం మా అత్తగారి వాళ్లని కూడా తీసుకురానా? కోతలక్క సినిమా రిలీజంటే వాళ్లూ చూస్తామంటున్నారు!"

వెనకాల నవ్వులు వినిపించాయి. ఆవిడ ఫోన్ కట్ చేసింది. చెవులు వేడెక్కాయి, పళ్లు బిగుసుకున్నాయి. అదే విసురులో పనికి వంగింది. స్విచ్ ఆపినా పిక్చర్ ట్యూబ్ వేల వోల్టులు కడుపులో దాచుకుంటుంది. ముట్టుకునే ముందు పొడుగాటి స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, వైరు రెండో కొస ఇనుప చట్రానికి తగిలించి, ఆ కరెంటుని దించెయ్యాలి. టీవీలో ఏ ఇనుముకి తగిలించినా ఒకటే. పాతికేళ్లుగా చెయ్యి చూడకుండానే చేస్తున్న పని. ఈ మెషిన్‌లో మాత్రం ఇనుము రెండు చోట్ల ఉంది, ట్యూబ్ చుట్టూ ఒకటి, బోర్డు మీద మూతగా ఒకటి. పొరబడకూడదని మొదటిరోజే ట్యూబ్ చట్రం మీద ఎర్ర రంగు చుక్క పెట్టుకుంది కూడా. కోపంలో ఉన్న చెయ్యి చుక్కని చూడలేదు. వైరు బోర్డు మూతకి తగిలించి, స్క్రూడ్రైవర్‌ని ట్యూబ్‌కి ఆనించింది.

చిటుక్కుమంది.

ఆ చప్పుడు స్కోర్లున్న బోర్డులోంచే వచ్చిందని ఆవిడకి వెంటనే తెలిసింది. తెలిసినా, తెర సరిచేసి, బోర్డు కలిపి, స్విచ్ వేసింది. ఆట మొదలైంది, విమానాలు దిగాయి, పాట మోగింది. అంతా భేషుగ్గా ఉంది. పేర్ల పట్టిక వచ్చింది. పది వరసల్లోనూ ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన అవే మూడక్షరాలు, అదే పదివేల స్కోరు. తన పేరు లేదు. తమ్ముడి పేరూ లేదు.

ఆవిడ స్క్రూడ్రైవర్‌ని గోడకేసి కొట్టింది. సున్నం పెచ్చు ఊడింది. తనని తాను తిట్టుకోవడానికి ఉన్న మాటలన్నీ వాడేసింది. బోర్డు మొదటిరోజే ఇంకో టీవీకి తగిలించి చూస్తే ఎవరొద్దన్నారు? ఈ తెర మీదే, ఈ తెర మీదేనని ఎందుకా పంతం? మధ్యలో ఒక ఆలోచన కూడా వచ్చింది. ఇంకా రెండు రోజులున్నాయి. కూర్చుని ఆడి, ఆ అంకె దగ్గర ఆపి, పేరు పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఇన్నేళ్లూ అబద్ధాలకోరని అనిపించుకున్నది, ఇప్పుడు నిజంగానే అబద్ధాలకోరవడానికా?

ఆదివారం పొద్దున్నే తమ్ముడు, మరదలు వచ్చారు. అత్తగారి వాళ్లకి పనిపడిందట, అదొక్కటే అదృష్టం. అమ్మ కుర్చీ లాక్కుని మెషిన్ ముందు కూర్చుంది. ఆవిడ స్విచ్ వేసింది. వెలుగు, పాట, విమానాలు. "అబ్బ, ఎంత బాగుంది వదినా!" అని మరదలు చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత పట్టిక వచ్చింది.

తమ్ముడు దగ్గరికి జరిగి, పై నుంచి కిందదాకా చదివాడు. వాడి భుజాలు తేలికపడటం ఆవిడ చూసింది.

"చెరిగిపోయాయి" అంది ఆవిడ. "నా పొరపాటే. శుక్రవారం నా చేత్తోనే చెరిగిపోయాయి."

"అయ్యో! మళ్లీ అదే నిమిషానికి!" తమ్ముడు పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మా, చూశావా? ఏదక్కా? ఎక్కడ నీ రెండు లక్షల ఎనభై ఏడు వేలు?"

మరదలు కూడా నవ్వబోయి ఆగింది. ఎందుకంటే వదిన మొహం రాయిలా అయిపోయింది.

"అమ్మా, ఆ కాగితం విప్పు" అంది ఆవిడ.

అమ్మ కళ్లజోడు పెట్టె తెరిచి, జోడు పెట్టుకుని, నాలుగు మడతలూ విప్పింది. చదివింది. మళ్లీ చదివింది. తలెత్తి కొడుకు వైపు చూసింది.

"నీకెలా తెలుసురా? నేనెవరికీ చూపించలేదు. నేనే చూడలేదు."

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏదో... నోటికొచ్చింది అన్నాను."

"వేలు చెప్పావు. మిగతాది కూడా చెప్పు" అంది అక్క. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే ఇల్లు కూలుతుందని అందరికీ అర్థమైంది. "చెప్పరా."

వాడు నేల చూపులు చూశాడు. "ఆరువందల నలభై."

అమ్మ కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, అవునన్నట్టు తలూపింది.

"అంటే నువ్వెళ్లేసరికి తెర వెలుగుతోంది" అంది ఆవిడ. "ప్లగ్గు నువ్వు పీకావు. పీకి, పెట్టి చూశావు. నా పేరు పోలేదు. మళ్లీ పీకావు. తెర పోయేదాకా పీకావు. అవునా?"

"పదమూడేళ్ల వాణ్ణక్కా. నాకున్నది ఆ పేరొక్కటే. చదువు రాదు, ఆటలు రావు. నాన్న గర్వంగా చెప్పుకున్నది అదొక్కటే..."

"నీకు పదమూడేళ్లు ఎంతకాలం ఉన్నాయిరా? మొన్న ఫోన్ చేసి నవ్వినప్పుడు కూడా పదమూడేనా?" ఇప్పుడు గొంతు లేచింది. "చుట్టాలందర్లో నన్ను కోతలరాయుళ్లలో కలిపినప్పుడు ఎన్నేళ్లు? ఆసుపత్రిలో నాన్న ఆ పేరుతో నన్ను చూపిస్తే పక్కన నిలబడి పళ్లు ఇకిలించావే, అప్పుడెన్నేళ్లు?"

"పోనీలేవే" అంది అమ్మ, అలవాటు కొద్దీ. "చిన్నతనం, ఏదో తెలియక..."

"నువ్వు మాట్లాడకమ్మా! నువ్వు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా మాట నిజమేమోనని అనుకున్నావా?"

అమ్మ కళ్లజోడు తీసేసింది. మరదలు మొగుడి వైపు, ఇంతకుముందెప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"తప్పయిపోయిందక్కా" అన్నాడు తమ్ముడు. "అందరికీ నేనే చెప్తాను. నువ్వు ఎవరికి చెప్పమంటే వాళ్లకి."

"నాన్నకి చెప్పు."

"నాన్న లేరు కదక్కా."

"లేడు" అంది ఆవిడ.

తెర మీద విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఆవిడ ఒక నాణెం తీసి సందులో వేసింది. లోపల అది పడిన చప్పుడు గదంతా వినిపించింది. తమ్ముడి జబ్బ పట్టుకుని మెషిన్ ముందు నిలబెట్టింది.

"ఆడు."

"ఇప్పుడేం ఆడతానక్కా..."

"ఆడు. నేను పక్కనే నిలబడి చూస్తాను."

వాడు ఆడాడు. చెమట పట్టిన చెయ్యి బటన్ల మీద జారింది. రెండో వరస విమానాలు దిగేసరికి వాడి విమానాలన్నీ పోయాయి. ఛాంపియన్ ఆట మూడు నిమిషాలు కూడా నడవలేదు. అయినా ఫ్యాక్టరీ స్కోరు కన్నా కాస్త ఎక్కువే వచ్చింది. పేరు పెట్టమని మెషిన్ మూడు ఖాళీలు చూపించింది.

"పెట్టు" అంది అక్క. "నీదే కదా."

వాడు తల వంచుకుని తన మూడక్షరాలూ పెట్టాడు. పట్టిక వచ్చింది. అన్నిటికన్నా పైన, మునుపటిలాగే, వాడి పేరుంది. ఆవిడ ప్లగ్గు వైపు చూసింది. అది చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. దాన్ని ముట్టుకోకుండా అమ్మ వైపు తిరిగి, తెర మీద ఉన్నది ఉన్నట్టు, ఒక్క అంకె కూడా తగ్గించకుండా గట్టిగా చదివింది.

"పదకొండు వేల రెండువందల పదమ్మా. మీ అబ్బాయిదే. నేను చూశాను."